వెయ్యి నూట పదహార్లు

మైకులో మా నాయన పేరు చిన్నప్పుడు నేను ఒక్కసారే విన్నాను. 1999లో. అప్పుడు నాది ఆరో తరగతి. ప్రొద్దుటూరులో మా వీధికి దగ్గర్లో ఒక బడికి గదులు కట్టాలని చందాల సభ పెట్టారు. షామియానా, అద్దె కుర్చీలు, రంగు కాగితాల తోరణాలు. నాయన బట్టలంగట్లో గుమస్తా. నెలకు పద్దెనిమిది వందలు జీతం. ఇంట్లో అమ్మతో రెండు రోజులు మాట్లాడుకుని, చీటీ మీద తన పేరు, పక్కన నూట పదహార్లు అని రాసి స్టేజీ మీదికి పంపించాడు. మేం వెనక వరుసలో కూర్చున్నాం.

మైకు పట్టుకున్న పెద్దమనిషికి కళ్ళజోడు సరిగా లేదో, నాయన రాతే అట్లా ఉందో తెలీదు. ఇంటిపేరుతో సహా గట్టిగా చదివి ‘వెయ్యి నూట పదహార్లు’ అన్నాడు. చప్పట్లు మోగాయి. ముందు వరుసలో ఉన్న అంగడి యజమాని వెనక్కి తిరిగి చూశాడు. నాయన లేచి నిలబడ్డాడు. ‘కాదు సామీ, నూట పదహార్లే’ అంటాడని నేను ఎదురుచూస్తున్నా. ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టి కూర్చున్నాడు.

ఆ వెయ్యి రూపాయలు తీరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ ఏడాది దీపావళికి నాకు కొత్తబట్టల్లేవు. కొనిస్తానన్న సైకిలు ఏడో తరగతికి వాయిదా పడింది. అమ్మ ఒకటికి పదిసార్లు సాధించింది. నాయన ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు. ఆ తర్వాత ఏ చందాల సభకూ వెళ్ళలేదు కూడా. నలుగురిలో పేదవాడి నోరు కట్టేసే వస్తువు మైకే అని నేను ఆ వయసులోనే తీర్మానించుకున్నాను. ఎంత గట్టిగా తీర్మానించుకున్నానంటే, ముప్ఫై అయిదేళ్ళ వయసులో నా చేతికే మైకు ఇచ్చి చందాల సభ నడపమన్నప్పుడు ముందుగా గుర్తొచ్చింది ఆ చీటీయే.

నడపమన్నది మా చిన్నాయన. పంతులు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తనలాంటి నలుగురితో కలిసి ఒక చిన్న సంస్థ పెట్టుకున్నాడు. పిల్లలు బెంగుళూరులోనో కువైట్‌లోనో ఉండి, లేదా అసలు లేక, ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ళకు మధ్యాహ్నం భోజనం క్యారియర్లో పంపిస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... మూడుచోట్లా మూడు వంటిళ్ళు. ప్రొద్దుటూరుది బజారు మీద నడిచిపోతుంది. పులివెందులలో తోటల రైతులు అరటికాయలు, కూరగాయలు పంపిస్తారు. జమ్మలమడుగుకే పెద్ద దిక్కు లేదు. అక్కడ ముప్ఫై ఎనిమిది మంది. భోజనం ఒక్కోటి నలభై అయిదు రూపాయలు పడుతుంది. అంటే రోజుకు 1,710 రూపాయలు, ఏడాదికి 6,24,150.

2023 నవంబరులో చిన్నాయన ఫోన్ చేశాడు. “ఏంరా అబ్బయా, మార్చి దాటితే జమ్మలమడుగు పొయ్యి ఆర్పేయాల్సిందే. సభ పెడతాండాం. నువ్వు వచ్చి నడపాల” అన్నాడు. నాకున్న అర్హత పత్రికలో పనిచేయడం ఒక్కటే. పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుస్తాయని మా వాళ్ళ నమ్మకం.

అంతకుముందు ఏడాది వాళ్ళు పెట్టిన సభ లెక్క చూపించమన్నాను. నోటుబుక్కు తీశాడు. స్టేజీ మీద ప్రకటించిన విరాళాలు నాలుగు లక్షల పది వేలు. ఆరు నెలలు తిరిగి తిరిగి చేతికి తెచ్చుకున్నవి లక్షా ఎనభై అయిదు వేలు. ఇక ఖర్చు: ఆర్కెస్ట్రా, టీవీలో కనబడే యాంకరు, ఊరంతా ఫ్లెక్సీలు, అరవై శాలువాలు, మెమెంటోలు, పదహారు రకాల విందు. మొత్తం లక్షా అరవై వేలు. మిగిలింది పాతిక వేలు. జమ్మలమడుగులో పద్నాలుగు రోజుల భోజనం. శాలువా కప్పించుకున్న అరవై మందిలో పందొమ్మిది మంది ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదని అదే నోటుబుక్కులో ఎర్రసిరాతో రాసుంది. పంతులు కదా, ఎర్రసిరా అలవాటు పోలేదు.

మన దగ్గర సభ పెట్టి డబ్బు పోగుచేయడం కొత్తేమీ కాదు. 1929 వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగినప్పుడు మన కడప జిల్లాకూ వచ్చారు. ఆ పర్యటన మొత్తంలో రెండున్నర లక్షలకు పైగానే వసూలైంది, ఆనాటి రూపాయల్లో. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చేవాళ్ళు. తనకిచ్చిన సన్మానపత్రాలనూ కానుకలనూ గాంధీజీ అక్కడికక్కడే వేలం వేయడం అలవాటు. 1952లో రాయలసీమ కరువుకు ఎన్టీ రామారావు ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశారు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత సినిమావాళ్ళంతా కలిసి నవంబర్ 30న హైదరాబాదులో ‘మేము సైతం’ అని రోజంతా కార్యక్రమం పెట్టారు. ఇవన్నీ చిన్నాయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, “గాంధీ లేడు. రామారావు లేడు. మనకుండేది నువ్వే గదా” అన్నాడు.

నిజానికి మాకు ఎక్కువ పనికొచ్చిన పాఠం కడప టౌన్లోనే ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు బ్రౌను దొర పేరు మీద అక్కడ గ్రంథాలయం కట్టించిన సంగతి మా జిల్లాలో చాలామందికి తెలుసు. బ్రౌన్ బంగళా ఉన్న చోటు మొండిగోడలుగా మిగిలిపోతే, ఆ మాస్టారు ఇల్లిల్లూ తిరిగి, ఉత్తరాలు రాసి, పెద్దా చిన్నా చూడకుండా ఇచ్చినంత తీసుకుని ఆ పని చేశారు. ఏళ్ళ తరబడి. 2014లో ఆయన పోయారు గానీ గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అక్కడికి ఎప్పుడు వెళ్ళినా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆయన ఎవరింటికి వెళ్ళినా, ‘బ్రౌన్ గ్రంథాలయానికి’ అని ఒక్కటే మాట. దేనికి అడుగుతున్నాడో విన్నవాడికి అరక్షణంలో అర్థమయ్యేది. మాదేమో ‘వృద్ధుల సంక్షేమం కోసం’. దీనికెవరు జేబులో చెయ్యి పెడతారు?

ఆ ముడి విప్పింది డాలస్‌లో ఉండే చిన్నాయన కొడుకు. ఫోన్ చేసి, “రెండు వేల డాలర్లు నేను పంపిస్తా” అన్నాడు. మా ఆడిటరు చేతులు అడ్డంగా ఊపాడు. వాడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. పౌరసత్వం మారితే సొంత కొడుకు డబ్బయినా చట్టం లెక్కలో విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలి. 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు పడే ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. మా సంస్థకు అవేవీ లేవు. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న వాడి స్నేహితులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే మాత్రం ఇబ్బంది లేదట. చిన్నాయనకు ఇది ఎంత చెప్పినా తలకెక్కలేదు. “నా కొడుకు పరాయోడు, వాని రూమ్మేటు మనోడా?” అన్నాడు. ఆడిటరు అవునన్నాడు.

వాడి డబ్బు రాలేదు గానీ వాడి మాట ఒకటి పనికొచ్చింది. అక్కడ ఇట్లాంటి విందును ‘గాలా’ అంటారట. టేబుల్ ఒక్కింటికి ఇంతని రేటు పెడతారు. ఎంత ఇస్తే ఏం జరుగుతుందో కార్డు మీద అచ్చేసి ప్లేటు పక్కనే పెడతారు. “మీరు ఎంత కావాలో అడుగుతాండారు నాయనా. ఏం కొంటారో చెప్పడంల్యా” అన్నాడు వాడు.

ఏం కొంటాం? భోజనం. ఎన్ని? ముప్ఫై ఎనిమిది. ఎన్నాళ్ళు? ఆ లెక్క వేస్తూ కూర్చున్నప్పుడు గోడ మీద క్యాలెండరు కనబడింది. రోజులు అమ్ముదాం అనుకున్నాం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా మూడొందల అరవై అయిదు గడులు. గడి ఒక్కింటికి 1,710. ఎవరికిష్టమైన తేదీ వాళ్ళు తీసుకోవచ్చు. ఇదీ కొత్త సంగతి కాదు. తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలైన దగ్గర్నుంచి ‘నా పేరు మీద ఒకరోజు భోజనం’ అన్నమాట తెలుగువాళ్ళకు బాగా అలవాటే. అంతమొత్తం ఇచ్చుకోలేనివాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది కలిస్తే మనిషికి నలభై అయిదు రూపాయలతో ఒక రోజు అవుతుంది.

ఇంకో మేలు మేం అనుకోకుండానే కలిసొచ్చింది. ఆదాయపన్నులో 80జీ మినహాయింపు కావాలంటే నగదుగా ఇచ్చే విరాళం రెండు వేలు దాటకూడదని 2017లో నిబంధన తెచ్చారు. అంతకుముందు పదివేల దాకా ఉండేది. చిన్నాయన ‘రెండున్నర వేలు పెడదాంలే, అంకె నిండుగా ఉంటాది’ అన్నప్పుడు ఆడిటరు ఈ సంగతి గుర్తుచేశాడు. 1,710 అయితే బజారులో గల్లాపెట్టె లోంచి నోట్లు తీసి ఇచ్చినవాడికీ రసీదు పనికొస్తుంది. కాకపోతే పాన్ నంబరు రాసుకోవాలి. ఏడాది ముగిశాక సంస్థే దాతల జాబితాను పన్నుల శాఖకు పంపాలి. పాన్ అడిగితే మొహం మాడ్చుకునే సావుకార్ల దగ్గర చిన్నాయన నేర్పుగా, “మీ పేరు ఢిల్లీకి పోతాది సామీ” అనేవాడు. భయపడాలో సంతోషించాలో తెలీక ఇచ్చేసేవాళ్ళు.

తేదీ కోసం జరిగిన గొడవ మీద ఒక నవల రాయొచ్చు. దసరాకు వద్దు. ప్రొద్దుటూరు దసరా సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ రోజుల్లో ఇంకోదానికి చందా అడగరు. పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో అసలే వద్దు. కల్యాణమండపం దొరకదు, బంగారు అంగళ్ళవాళ్ళకు తలెత్తే తీరిక ఉండదు. ఆషాఢంలో మండపం చవకే గానీ బట్టల బజారు వెలవెలబోతుంది. జమ్మలమడుగు వైపు నల్లరేగడి రైతుకు బుడ్డశనగ ఇంటికొస్తే గానీ చేతిలో డబ్బాడదు. పులివెందుల చీనీతోటల వాళ్ళ లెక్క ఇంకోటి. పైగా 2024 ఎన్నికల ఏడాది. కోడ్ వచ్చిందంటే యాభై వేలకు మించి నగదు పట్టుకుని రోడ్డెక్కడానికి జనం జంకుతారు. చివరికి పుష్యమాసంలో, జనవరి 28 ఆదివారం ఖాయం చేశాం. శూన్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, మండపం సగం అద్దెకే వచ్చింది. ‘శూన్యమాసంలో శుభకార్యమా’ అని కమిటీలో ఒకాయన గొణిగాడు. అన్నం పెట్టడానికి మాసమేందని చిన్నాయన కసిరాడు.

ఎవర్ని పిలవాలి? నేను ఎక్సెల్ షీటు తెరిచాను. చిన్నమ్మ లోపలికెళ్ళి బీరువాలోంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళ కూతురి పెళ్ళిలో చదివింపులు రాసిన పుస్తకం. ఎవరు ఎంత చదివించారు, ఎవరు చేతులూపుకుంటూ వచ్చి తిని పోయారు, ఎవరు రాలేకపోయినా మనిషితో పంపించారు, అన్నీ అందులో ఉన్నాయి. అంతకన్నా నమ్మకమైన దాతల జాబితా ఏ సంస్థ దగ్గరా ఉండదని ఒట్టేసి చెప్పగలను. కమిటీలో మిగతా అయిదిళ్ళ పుస్తకాలూ తెప్పించాం. మూడు ఊళ్ళలో మూడొందల ఇరవై పేర్లు తేలాయి. ఫ్లెక్సీ ఒక్కటీ కట్టలేదు. ఇద్దరిద్దరుగా ఇంటికెళ్ళి బొట్టుపెట్టి పిలిచారు. పులివెందులకు ముద్దనూరు మీదుగా నాలుగుసార్లు బస్సులో పోయొచ్చాడు చిన్నాయన.

ముఖ్య అతిథి లేడు. ఇది రాయడానికి ఒక వాక్యం చాలు గానీ ఒప్పించడానికి మూడు మీటింగులు పట్టాయి. మా ప్రాంతంలో ఒక పార్టీ ఆయన్ని పిలిస్తే రెండో పార్టీ వాళ్ళ కుర్చీలు ఖాళీ. ఇద్దర్నీ పిలిస్తే పోలీసు బందోబస్తు.

నాకు చెంపదెబ్బ తగిలినట్టయిన సంగతి ఒకటుంది. విలేఖరి బుద్ధి కొద్దీ, ముసలివాళ్ళలో ఇద్దరు ముగ్గుర్ని స్టేజీ మీదికి తెచ్చి మాట్లాడిస్తే జనం కరిగిపోతారని నేనే అన్నాను. జమ్మలమడుగు వంటింట్లో వండే అక్క ఆ రోజు మీటింగుకు వచ్చింది. అప్పటిదాకా నోరు మెదపని మనిషి, “వద్దన్నా. ఆ ఊర్లో వాళ్ళకూ సుట్టాలుండారు. ఒకాయన ఒకప్పుడు పదిమందికి జీతాలిచ్చినోడు. నేను క్యారియరు సంచిలో పెట్టి మూసకపోతా, వీధిలో ఎవురికీ తెలియకుండా” అంది. నేను ఇరవై ఏళ్ళుగా పట్టుకుని తిరుగుతున్న నాయన చీటీ కథ ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో! ఇంకొకర్ని మైకు ముందు నిలబెట్టడానికి నేనే బయల్దేరాను. చివరికి స్టేజీ మీద బల్లలు వేసి, తోమి మెరిపించిన ముప్ఫై ఎనిమిది క్యారియర్లు పెట్టాం. పేర్లు లేవు, అంకెలు మాత్రమే.

అతిథులకు కూడా ఆ క్యారియర్ భోజనమే పెడదామన్నాను. అన్నం, పప్పు, వంకాయ పులుసు, చెనిక్కాయల పొడి, మజ్జిగ. “ప్రొద్దుటూరు సావుకార్లను పిలిచి పప్పన్నం పెడతావా? మళ్ళీ మన గడప తొక్కుతారా?” అని పెద్ద రభస. ఓళిగలు, అలసంద వడలు చేర్చడంతో సంధి కుదిరింది. ఖర్చంతా ఒక బంగారు వ్యాపారి భరించాడు, తన పేరు ఎక్కడా చెప్పొద్దని. కాబట్టి చెప్పడం లేదు.

ఇక మైకు సంగతి. ఈసారి మైకులో డబ్బులు చదవడం ఉండదని మొదటిరోజే షరతు పెట్టాను. పేర్లు కూడా వద్దన్నాను. స్టేజీ పక్కన గోడకు ఎనిమిదడుగుల క్యాలెండరు కడతాం. వచ్చినవాళ్ళు బల్ల దగ్గర డబ్బు కట్టి, రసీదు తీసుకుని, తమ తేదీ గడిలో తామే పేరు రాసుకుంటారు. ఇష్టం లేనివాళ్ళు చుక్క పెట్టొచ్చు. చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. “అబ్బయా, పేరు సదవకపోతే మనోళ్ళు ఇయ్యరురా” అన్నాడు. నేను వినలేదు. ఎందుకు వినలేదో మీకు తెలుసు కదా.

ఆదివారం సాయంత్రం ఆరింటికి మూడొందల దాకా జనం వచ్చారు. మొదటి అరగంట బల్ల దగ్గర ఒక్కరు లేరు. అందరూ క్యారియర్లను చూస్తున్నారు, క్యాలెండరును చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. మొదట వెళ్ళేదెవరు? పెళ్ళిలో అయితే మైకు ఆ మొహమాటాన్ని తెంపుతుంది. ఇక్కడ మైకును నేనే మూసిపెట్టాను. నా అరచేతులు చెమటలు పట్టాయి.

అప్పుడు పులివెందుల నుంచి వచ్చిన ఒక రైతు లేచాడు. డబ్బు తేలేదు, పెద్ద గంపలో చీనీకాయలు తెచ్చాడు. “ఇయ్యి వేలం పెట్టండి సామీ” అన్నాడు. వేలమంటే మళ్ళీ మైకులో డబ్బులే. నేను తటపటాయిస్తుండగానే చిన్నాయన నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. వేలం పాట తెలుగువాడికి ఎంత ఇష్టమో చెప్పాలా? బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2023లో ఇరవై ఏడు లక్షలు పలికింది. మా చీనీ గంప అయిదు వందల దగ్గర మొదలై, నవ్వులు, ఈలలు, ప్రొద్దుటూరోళ్ళు గొప్పా జమ్మలమడుగోళ్ళు గొప్పా అన్న పౌరుషాల మధ్య ఇరవై ఒక్క వేలకు ఆగింది. పాడుకున్న జమ్మలమడుగు వ్యాపారి ఆ కాయలు ముప్ఫై ఎనిమిది మందికీ పంచమని వంటక్కకు అప్పజెప్పాడు. పన్నెండు రోజుల భోజనం ఒక్క గంపలో వచ్చింది. సభకు ప్రాణం కూడా వచ్చింది. దీనికి నేను అడ్డుపడబోయానని ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత బల్ల దగ్గర వరుస కట్టారు. చూస్తుంటే ముచ్చటేసింది. ఒకాయన అమ్మ తద్దినం తిథి ఇంగ్లిషు తేదీకి ఎప్పుడొస్తుందో సెల్‌ఫోన్లో పంచాంగం తీసి వెతుక్కుంటున్నాడు. ఒకావిడ మనవరాలి మొదటి పుట్టినరోజు గడిలో రాసి, పక్కన చిన్న పువ్వు గీసింది. జనవరి ఒకటో తేదీ కోసం తొమ్మిది మంది పోటీపడ్డారు. పండగలన్నీ ముందే అయిపోయాయి. ఎవరికీ అక్కర్లేనివి మామూలు మంగళవారాలు.

తొమ్మిదింటికి లెక్క చూస్తే రెండొందల ముప్ఫై ఒక్క గడులు నిండాయి. అందులో ముప్ఫై మూడు తప్ప మిగతావన్నీ డబ్బు చేతికొచ్చినవే. ఆ ముప్ఫై మూడులో ఇరవై తొమ్మిది తర్వాత వచ్చాయి. మార్చిలో కోడ్ వచ్చాక ‘నగదు తీసకపోవడం కష్టం గదా’ అన్నవాళ్ళు నలుగురు. ఫోన్‌పే సంగతి గుర్తుచేస్తే ఫోన్ పెట్టేశారు. వేలం డబ్బు కలుపుకుని రెండొందల నలభై మూడు రోజులు. మిగిలిన నూట ఇరవై రెండింటి కోసం మార్చి నెలాఖరు దాకా తిరిగారు. ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు నలభై అయిదేసి రూపాయలు వేసుకుని ఒక రోజు కొన్నారు. జమ్మలమడుగు టీ అంగట్లో పెట్టిన డబ్బాలోంచి నాలుగు రోజులు వచ్చాయి. పదిహేడు మంగళవారాలు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. అవి చిన్నాయన తన పెన్షన్లోంచి నింపాడని చిన్నమ్మ చెబితే తెలిసింది. పొయ్యి మాత్రం ఆరలేదు.

నాయన సంగతి చెప్పలేదు కదూ. ఆ సాయంత్రం ఆయన కూడా వచ్చాడు. పాతికేళ్ళ తర్వాత చందాల సభకు రావడం అదే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, మళ్ళీ వెనక వరుసలోనే కూర్చున్నాడు. జనం పలచబడ్డాక లేచి బల్ల దగ్గరికొచ్చి, మడత పెట్టిన నోట్లు లెక్కపెట్టి 1,710 కట్టాడు. రసీదు జేబులో పెట్టుకున్నాడు. క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడి, ఆగస్టులో ఒక మంగళవారం గడిలో తన పేరు రాశాడు. గుండ్రటి అక్షరాలు. 1999లో ఆ చీటీ తప్పు చదివినాయన కళ్ళజోడుదే లోపమని అప్పుడు నమ్మకం కుదిరింది.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. “సదవవా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. “ఏంది నాయనా?”

“పేరు. మైకులో.”

ఈసారి పేర్లు చదవడం లేదని, ఎందుకు మానేశామో కూడా చెప్పాను. ఆ రోజు ఆయన పడ్డ అవమానం ఇంకెవరూ పడకూడదని ఈ ఏర్పాటంతా చేశానన్నాను. నాయన నన్ను వింతగా చూశాడు.

“అవమానమేందిరా? ఈ ఊర్లో నలభై ఏండ్లు బట్ట కొలిచినా. అందురూ ‘ఒరే గుమస్తా’ అన్నోళ్ళే. ఇంటిపేరుతో నా పేరు సదివినోడు ఆ మనిషి ఒక్కడే. మీ యమ్మకు డబ్బు పోయిందని బాధ. నాకేం బాధ లేదు.”

“మరి మళ్ళీ ఏ సభకూ పోలేదే?”

“డబ్బెక్కడిది?”

మైకు తీసుకున్నాను. చిన్నాయన అవతల నుంచి చూస్తూ, నేను అడక్కముందే క్యాలెండరు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు, ఒక్కో గడీ వేలుపెట్టి చూపించడానికి. డబ్బు మాట లేదు. తేదీ, ఇంటిపేరు, పేరు. ఏప్రిల్ ఒకటి నుంచి మొదలుపెట్టాను. వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు ఆగారు. స్కూటరు స్టార్ట్ చేసినవాళ్ళు ఆపేశారు. భోజనాల దగ్గరున్నవాళ్ళు ఎంగిలి చేతుల్తో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. తమ పేరు వచ్చినప్పుడు కొందరు తల ఊపారు, కొందరు పక్కవాళ్ళను మోచేత్తో పొడిచారు. కోటీశ్వరుడిదీ, రోజుకూలీదీ అదే చదువు, అదే గొంతు.

ఆగస్టు వచ్చింది. నా గొంతు కాస్త వణికినట్టుంది. తేదీ చదివి, మా ఇంటిపేరు చదివి, నాయన పేరు చదివాను. ఆయన వెనక వరుసలోంచి లేచి నిలబడి, ఎవరూ అడక్కపోయినా, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

నేను తర్వాతి పేరుకు వెళ్ళబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

“ఇంగోసారి సదువు. బయట స్కూటర్లతో సరిగా ఇనపడల్యా.”